పశువైద్యం, పశు సంబంధ డిగ్రీలకు కాలేజీ ఎంచుకోవడం ఎలా?

బైపీసీ చదివి పశువుల కోర్సుల వైపు వచ్చే పిల్లలు రెండు రకాలు. ఇంట్లో గేదెల మధ్య పెరిగో, కుక్కపిల్లల మీద ఇష్టంతోనో ఇదే చదవాలని వచ్చేవాళ్లు కొందరు. నీట్‌లో ఎంబీబీఎస్‌కు ర్యాంకు అందక, బీడీఎస్ మీద మనసు లేక, "వెటర్నరీ అయినా పర్లేదు" అని వచ్చేవాళ్లు ఇంకొందరు. రెండో రకాన్ని తక్కువ చేయక్కర్లేదు. వాళ్లలోనూ మంచి డాక్టర్లు తయారవుతారు. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేలా ఆలోచిస్తారు: మన ఊరికి దగ్గరా, బిల్డింగులు బాగున్నాయా, పేరు పెద్దదా? ఇవన్నీ చూడండి, తప్పులేదు. కానీ వీటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ కాలేజీలో చదివినన్నాళ్లూ నా చేతి కిందికి ఎన్ని పశువులు వస్తాయి? కింద చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. కాలేజీ కంటే ముందు డిగ్రీ తేల్చుకోండి

"పశువులకు సంబంధించిన డిగ్రీ" అంటే ఒకటి కాదు. చివర్లో చేసే పని ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది.

జంతువుకు వైద్యం చేయాలంటే ఉన్నది ఒక్కటే దారి, బీవీఎస్సీ అండ్ ఏహెచ్, అంటే పశువైద్యం, పశుసంవర్ధకంలో డిగ్రీ. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి మొత్తం అయిదున్నరేళ్లు. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లిష్ ఉండాలి. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఇది పూర్తిచేసి రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితేనే పశువైద్యుడిగా ప్రాక్టీస్ పెట్టొచ్చు, ప్రభుత్వంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకు పోటీ పడొచ్చు, సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్‌కు దరఖాస్తు చేయొచ్చు. జూలో పులికి మత్తు ఇంజెక్షన్ వేసే డాక్టరు కావాలన్నా ఇదే చదవాలి. "నాకు వైల్డ్‌లైఫ్ ఇష్టం, అందుకే బీఎస్సీ జువాలజీలో చేరుతున్నా" అనే పిల్లలు ఇక్కడే పొరబడుతున్నారు. జువాలజీతో పరిశోధకులు కావచ్చు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో ఎమ్మెస్సీకి ప్రయత్నించొచ్చు. అదీ చక్కటి జీవితమే, కానీ అందులో వైద్యం ఉండదు.

పాలు, పాల ఉత్పత్తుల పరిశ్రమ వైపు వెళ్లాలంటే బీటెక్ డెయిరీ టెక్నాలజీ ఉంది. తిరుపతిలో, కామారెడ్డిలో కాలేజీలున్నాయి. నాలుగేళ్ల కోర్సు. ఇది ఇంజినీరింగ్ చదువు కాబట్టి ఎంపీసీ పిల్లలకు సరిపోతుంది. చాలామంది బైపీసీ పిల్లలకు ఆ సంగతి కౌన్సెలింగ్ దాకా తెలియదు. చేపలు, రొయ్యల రంగానికి బీఎఫ్‌ఎస్సీ ఉంది, అదీ నాలుగేళ్లే. ముత్తుకూరు, పెబ్బేరు కాలేజీలు దీనికోసం ఉన్నవే. రొయ్యల చెరువులున్న కోస్తాలో ఈ చదువుకు పని వెతుక్కోనక్కర్లేదు.

పదో తరగతి తర్వాత చేసే రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమానూ మరచిపోవద్దు. త్వరగా సంపాదనలో పడాల్సిన ఇంటికి ఇది సరైన దారి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు పశుసంవర్ధక సహాయకుల పోస్టులు వీళ్లకు పనికొచ్చాయి. అయితే చట్టప్రకారం డిప్లొమా ఉన్నవాళ్లు చేయగలిగేది చిన్నపాటి సేవలే, అదీ రిజిస్టరైన పశువైద్యుడి పర్యవేక్షణలో. ఈ హద్దు తెలుసుకుని చేరాలి.

2. గుర్తింపు కాగితం చూడండి, మీ కళ్లతో

భారత పశువైద్య మండలి చట్టం 1984లో వచ్చింది. దాని కింద ఏర్పడిందే వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందరూ వీసీఐ అంటారు. ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఏ యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ చెల్లుతుందో, ఏ కాలేజీలో చదివితే చెల్లుతుందో రాసి ఉంటుంది. అందులో లేని కాలేజీలో ఎంత బాగా చదివినా రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో పేరు ఎక్కదు. పేరు ఎక్కకపోతే ప్రాక్టీస్ లేదు, ప్రభుత్వ ఉద్యోగమూ లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. కొత్త కాలేజీకి ముందు విద్యార్థులను చేర్చుకునే అనుమతి వస్తుంది. పూర్తి గుర్తింపు తర్వాతి సంగతి. అనుమతి, గుర్తింపు రెండూ ఒకటే అనుకుని చేరిన పిల్లలు, ఆఖరి సంవత్సరంలో గుర్తింపు కోసం క్లాసులు మానేసి ధర్నాకు కూర్చోవడం మన దగ్గర జరగనిదేమీ కాదు. అందుకని కొత్త కాలేజీ అయితే మూడు విషయాలు అడగండి. మొదటి బ్యాచ్ బయటికి వచ్చిందా? వాళ్లకు రిజిస్ట్రేషన్ అయిందా? చివరిసారి వీసీఐ తనిఖీకి వచ్చినప్పుడు ఏ లోపాలు రాసింది? మూడోదానికి ఆఫీసులో సూటిగా జవాబు రాకపోవచ్చు. సీనియర్లను అడిగితే వస్తుంది.

కోర్సు పేర్లతోనూ జాగ్రత్త. వెటర్నరీ అనే మాట ఎక్కడో ఒకచోట తగిలించిన డిగ్రీలు, సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. పేరులో "బీవీఎస్సీ అండ్ ఏహెచ్" అని ఉందా, అది షెడ్యూలులో ఉందా అన్నదే లెక్క. విదేశాల్లో చదవాలనుకుంటే అదే చట్టంలోని రెండో షెడ్యూలు చూసి, ఇక్కడికి తిరిగొచ్చాక రిజిస్ట్రేషన్ ఎలా అవుతుందో వీసీఐని రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు నోటిమాట మీద డబ్బు కట్టొద్దు.

డెయిరీ, ఫిషరీస్ కోర్సులకు వీసీఐతో పనిలేదు. అక్కడ చూడాల్సింది ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) అక్రెడిటేషన్, అంటే ఆ సంస్థ ఇచ్చే గుర్తింపు. అది లేని కాలేజీ డిగ్రీ పీజీ దగ్గర అడ్డం పడొచ్చు.

3. ఏ దారిలో సీటు వస్తుందో రాసి పెట్టుకోండి

ప్రభుత్వ వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా కింద వీసీఐ నింపుతుంది, నీట్ ర్యాంకు మీద. నీట్ రాశాం కదా, ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లోనే ఇదీ వస్తుందిలే అనుకుంటారు. రాదు. వీసీఐ కౌన్సెలింగ్‌కు విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, విడిగా ఆప్షన్లు పెట్టుకోవాలి. ఆ తేదీ దాటితే మంచి ర్యాంకు ఉన్నా చేయగలిగింది లేదు.

మిగతా సీట్లు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి కేంద్రంగా 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఏటా నోటిఫికేషన్ ఇస్తాయి. నీట్ ర్యాంకు చూస్తారా, ఈఏపీసెట్ ర్యాంకు చూస్తారా, రైతు కోటాకు ఏ కాగితాలు కావాలి, స్థానికత ఎలా లెక్కిస్తారు అన్నవి ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదవండి. పోయినేడు అన్నయ్యకు ఇలా అయింది, మనకూ అంతే అనుకోవద్దు. రూల్స్ మారుతుంటాయి. రెండు పరీక్షలూ రాసి ఉంచుకున్నవాళ్లకు టెన్షన్ సగం తగ్గుతుంది.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ వెటర్నరీ కాలేజీలు ఇవి: ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. రాజస్థాన్ లాంటి రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. వాటి గురించి ఫీజుల దగ్గర మాట్లాడుకుందాం.

4. ఆసుపత్రికి వెళ్లి ఒక ఉదయం కూర్చోండి

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే, ఇది పాటించండి.

ప్రతి వెటర్నరీ కాలేజీకీ సొంత ఆసుపత్రి ఉండాలి. వాళ్ల భాషలో వెటర్నరీ క్లినికల్ కాంప్లెక్స్. సెలవు లేని రోజు చూసుకుని పొద్దున్నే ఓపీ మొదలయ్యే వేళకు వెళ్లండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది జనం వచ్చే చోటు. గేటు దగ్గర ట్రాలీ ఆటోలు ఉన్నాయా? గేదెను దింపుతున్నారా, మేకల్ని మోసుకొస్తున్నారా? లేక వరుసగా కుర్చీల్లో పెంపుడు కుక్కలను పట్టుకుని కూర్చున్నవాళ్లే కనిపిస్తున్నారా? ఓపీ రిజిస్టరు రాసే మనిషిని మర్యాదగా అడగండి: "అన్నా, రోజుకు పెద్ద పశువులు ఎన్నొస్తాయి, చిన్నవి ఎన్నొస్తాయి?" ఆ ఒక్క జవాబులో ప్రాస్పెక్టస్ మొత్తం కంటే ఎక్కువ సమాచారం ఉంటుంది.

తర్వాత, పశువు చుట్టూ నిలబడ్డ విద్యార్థులను గమనించండి. ఒక ఆవు, దాని చుట్టూ ఇరవైమంది, ముందున్న ఇద్దరు చేస్తుంటే వెనకున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారంటే ఆ కాలేజీలో మీ వాటా ఎంతో తెలిసిపోతుంది. చూడి పరీక్షనే తీసుకోండి. మలద్వారంలోంచి చెయ్యి పెట్టి, గర్భసంచిని తడిమి ఎన్నో నెల చూడో చెప్పాలి. ఇది పుస్తకంలో రాదు, వీడియోలోనూ రాదు. వేలికొసలు నేర్చుకోవాల్సిన విద్య. పదుల సంఖ్యలో పశువులను తడిమితే తప్ప ఆ తేడా తెలియదు. కృత్రిమ గర్భోత్పత్తి, అంటే పశువు గర్భసంచిలోకి వీర్యం ఎక్కించడం కూడా అంతే. ఈ రెండూ చేతకాకుండా డిగ్రీ పుచ్చుకుని పల్లె డిస్పెన్సరీలో చేరితే, మొదటి నెలలోనే రైతులు పక్క ఊళ్లో ఇంటింటికీ వచ్చి గర్భోత్పత్తి చేసే గోపాలమిత్ర దగ్గరికి వెళ్లిపోతారు. డాక్టరు బోర్డు చూసి ఎవరూ ఆగరు.

చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పశువును నిలబెట్టి కట్టే ట్రెవిస్‌లు ఎన్ని, వాటిలో వాడుకలో ఉన్నవెన్ని? ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ యంత్రాలు ఉన్నాయని రాసుకుంటారు. ఆ గదికి తాళం ఉందా, లోపల మనుషులున్నారా చూడండి. పెద్ద పశువులకు ఆపరేషన్ థియేటర్ విడిగా ఉందా? పోస్టుమార్టం గది ఉందా, అక్కడ విద్యార్థులు చేస్తారా? చాలామంది తల్లిదండ్రులకు ఈ ప్రశ్న అడగడానికే ఇబ్బందిగా ఉంటుంది. కానీ మందలో పది గొర్రెలు ఒక్కసారి చనిపోతే అది చిటుకు రోగమా, విషమా, ఇంకేదైనానా అని తేల్చేది ఆ బల్ల మీదే.

రాత్రి సంగతి కూడా అడగాలి. గేదె ఈనడానికి కష్టపడేది ఆఫీసు వేళల్లోనే కాదు. దూడ అడ్డం తిరగడం, మాయ పడకపోవడం, కడుపుబ్బరం లాంటి అత్యవసర కేసులు రాత్రిపూట తీసుకుంటారా? ఇంటర్న్‌లకు రాత్రి డ్యూటీ ఉంటుందా? ఉంటే పక్కన సీనియర్ డాక్టర్ ఉంటారా, ఫోన్‌లో మాత్రమే దొరుకుతారా? రాత్రి కేసులు తీసుకోని ఆసుపత్రిలో చదివినవాళ్లు, మొట్టమొదటి కష్టపు కాన్పును ఉద్యోగంలో చేరాక, ఒంటరిగా, రైతు ఇంటి ముందు చూస్తారు.

5. మాట్లాడాల్సింది ఇంటర్న్‌లతో

ప్రొఫెసర్లు మంచివాళ్లే, కానీ సొంత కాలేజీని వాళ్లు తక్కువ చేసి చెప్పరు. మొదటి సంవత్సరం పిల్లలకు అనాటమీ గదిలో ఫార్మలిన్ వాసన తప్ప ఇంకా ఏమీ తెలిసి ఉండదు. అన్నీ చూసి, దాచుకోవాల్సిందేమీ లేనివాళ్లు ఇంటర్న్‌లే. ఓపీ అయ్యాక టీ కొట్టు దగ్గర దొరుకుతారు. "కాలేజీ ఎలా ఉంది?" అని అడిగితే "బానే ఉంది" అంటారు. లెక్కలు అడగండి. నువ్వు సొంతంగా ఎన్ని కాన్పులు చేశావు? ఎన్ని సిజేరియన్లలో చెయ్యి పెట్టావు? ఎన్ని కుక్కలకు గర్భసంచి తీశావు? పొదుగువాపు కేసులో మందు ఎవరు నిర్ణయిస్తారు, నువ్వా, సారా? సర్జరీలో, గైనకాలజీలో రెగ్యులర్ ప్రొఫెసర్లు ఎంతమంది, కాంట్రాక్టువాళ్లు ఎంతమంది?

చివరి ప్రశ్న ముఖ్యమైంది. ఖాళీలు ఎక్కువైతే ఉన్నవాళ్లకు క్లాసులు, తనిఖీలు, ఫైళ్లతోనే సరిపోతుంది, ఆసుపత్రిలో పక్కన నిలబడి నేర్పే తీరిక ఉండదు. కాంట్రాక్టు టీచర్లు చెప్పరని కాదు. పిల్లలకు దగ్గరగా ఉండి ప్రాణం పెట్టి చెప్పేవాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు. కాకపోతే ఎప్పుడు వెళ్లిపోతారో వాళ్లకే తెలియదు.

ఫామ్ గురించి క్లుప్తంగా చెప్తాను. కాలేజీకి సొంత పశువుల ఫామ్ ఉండటం తప్పనిసరి. అందులో ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్లు అన్నీ ఉన్నాయా, పిల్లలు తెల్లవారుజామున పాలు పితకడానికి, మేత కలపడానికి వెళ్తారా, లేక చుట్టూ తిరిగి చూసి వస్తారా అని కనుక్కోండి. పాకలు శుభ్రంగా ఉండి పశువులు బక్కచిక్కి ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే.

6. కాలేజీ చుట్టూ ఏ పశువులున్నాయి?

ఆసుపత్రికి కేసులు చుట్టుపక్కల ఊళ్ల నుంచే వస్తాయి. నగరం ఒడ్డున ఉన్న కాలేజీకి కుక్కలు, పిల్లులు ఎక్కువ వస్తాయి. పల్లెల మధ్య ఉన్నదానికి గేదెలు, గొర్రెలు ఎక్కువ. ఏది మంచిదన్నది మీరు తర్వాత చేయబోయే పనిని బట్టి ఉంటుంది. సొంత పెట్ క్లినిక్ పెట్టాలనుకునే పిల్లకు హైదరాబాద్ దగ్గరి అనుభవం పనికొస్తుంది. ప్రభుత్వ ఉద్యోగం, పశువుల కోసం తిరిగే 1962 అంబులెన్సు, డెయిరీల వైపు వెళ్లేవాళ్లకు పల్లె కేసులు కావాలి. గొర్రెల సంగతి చూడండి: 2019 పశుగణనలో దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలు తెలంగాణలో, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తేలాయి. నీలి నాలుక, చిటుకు రోగం గురించి చేతులారా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి నేల దొరకదు.

పరిశోధన వైపు మనసున్నవాళ్లకు రాజేంద్రనగర్‌కు ఒక అదనపు లాభం ఉంది. కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అక్కడే ఉంది. జాతీయ మాంస పరిశోధన సంస్థ చెంగిచర్లలో, జంతు బయోటెక్నాలజీ జాతీయ సంస్థ గచ్చిబౌలి వైపు, అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే లాకోన్స్ (జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి ప్రయోగశాల) అత్తాపూర్‌లో ఉన్నాయి. నెహ్రూ జూ పార్కు ఎలాగూ ఊళ్లోనే ఉంది. మందుల కంపెనీల్లో ప్రయోగశాల జంతువుల బాగోగులు చూడటానికీ పశువైద్యులు కావాలి, ఆ ఉద్యోగాలు జీనోమ్ వ్యాలీ చుట్టూ దొరుకుతాయి. తిరుపతి కాలేజీ 1955 నాటిది, అక్కడా జూ పార్కు ఉంది. పాత కాలేజీలకు పూర్వ విద్యార్థుల బలం ఎక్కువ. ఏ జిల్లాకు వెళ్లినా "మన కాలేజీయే" అనే డాక్టరు ఒకరు తగులుతారు. ఒంగోలు జాతి మీద ఆసక్తి ఉంటే గుంటూరు దగ్గర లాం ఫామ్‌కు పిల్లలను తీసుకెళ్తారా అని ఆంధ్ర కాలేజీల సీనియర్లను అడగండి.

7. డబ్బు, హాస్టల్

ప్రభుత్వ కాలేజీలో ఫీజు మధ్యతరగతికి భారం కాదు. ప్రైవేటు, మేనేజ్‌మెంట్, ఎన్నారై సీట్ల దగ్గరే లెక్క వేసుకోవాలి. అయిదున్నరేళ్ల ఫీజు, హాస్టల్, ప్రయాణాలు కలిపి ఒక కాగితం మీద రాయండి. పక్కనే మీ రాష్ట్రంలో కొత్తగా చేరే పశువైద్యుడి జీతం రాయండి. అప్పు చేసి కట్టేవాళ్లయితే ఆ రెండు అంకెలు చూశాకే సంతకం పెట్టండి. పొలం అమ్మి ప్రైవేటు వెటర్నరీ సీటు కొనడం నా దృష్టిలో తెలివైన పని కాదు, ఇంకో ఏడాది నీట్ రాయడమే మేలు.

ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ ఎంత, నెలనెలా వస్తుందా, ఆరు నెలలకోసారి వస్తుందా అన్నదీ ఇంటర్న్‌లను అడగొచ్చు. అమ్మాయిలున్న ఇంటివాళ్లు హాస్టల్ నుంచి ఆసుపత్రికి రాత్రి డ్యూటీకి వెళ్లే దారిని ఒకసారి నడిచి చూడండి. లైట్లు ఉన్నాయా, వాచ్‌మన్ ఉన్నాడా? ఇప్పుడు ఈ కోర్సులో అమ్మాయిలు బాగా చేరుతున్నారు. దారి సరిగ్గా లేదని వాళ్లను రాత్రి కేసులకు పంపకపోతే నష్టపోయేది వాళ్ల చదువే.

8. వెబ్ ఆప్షన్ల రోజు

ఆప్షన్లు పెట్టేటప్పుడు సీటు వస్తుందో రాదో అని ఆలోచించి క్రమం మార్చకండి. మీకు ఎక్కువ ఇష్టమైనది పైన పెట్టండి, దాని కింద తర్వాతిది. పోయినేడు చివరి ర్యాంకులు ఏ కాలేజీలో ఎక్కడ ఆగాయో చూసుకోవడం ఆశ ఎంతుందో తెలుసుకోవడానికే. ఇష్టమైన కాలేజీని కిందికి తోయడానికి కాదు. పూర్తి గుర్తింపు లేని కాలేజీ ఉంటే దాన్ని జాబితాలో చివర పెట్టండి. లేదా అసలు పెట్టకండి, పెడితే అదే రావొచ్చు. ఆలిండియా కోటాలో సీటు వచ్చి రాష్ట్ర కౌన్సెలింగ్ ఇంకా నడుస్తుంటే, చేరాక వదులుకోవడానికి గడువు ఎప్పటిదాకా, కట్టిన డబ్బు ఎంత తిరిగి వస్తుంది అని ముందే చదివి ఉంచుకోండి.

సీటు ఖాయమయ్యాక అందరూ బట్టలు, బకెట్లు, పుస్తకాలు కొంటారు. దానికంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి పిచ్చికుక్క కరవకముందే వేయించుకునే రేబిస్ టీకా గురించి అడగండి. కాలేజీవాళ్లే వేయిస్తారేమో కనుక్కోండి, వేయించకపోతే మీరే వేయించుకోండి. ధనుర్వాతం టీకా కూడా. కుక్కల వార్డుకు వెళ్లే రోజు కంటే ముందే ఆ డోసులు పూర్తయి ఉండాలి.